అప్‌డేట్: పక్కన పడుకుంటే గానీ నిద్రపోని ఎనిమిదేళ్ల పాప

"రాత్రి పక్కన ఎవరో ఒకరు ఉండాల్సిందే, 'తాళం వేశారా' అని పదే పదే అడుగుతుంది, ఏం చేయాలి?" అని అడిగాను కదా. సైకాలజిస్ట్ పాపకంటే ముందు మాకే పని పెట్టారు. అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో సైకాలజిస్ట్ ఎలీ లెబోవిట్జ్ రూపొందించిన స్పేస్ (SPACE) పద్ధతి ఇది, పిల్లల భయాలు తగ్గడానికి తల్లిదండ్రుల తీరు మార్చేది. వారానికో సెషన్ చొప్పున 12 వారాలు, తల్లిదండ్రులకు మాత్రమే. 7–14 ఏళ్ల పిల్లలు 124 మందితో జరిగిన ట్రయల్‌లో, నేరుగా పిల్లలకిచ్చే సీబీటీకి (ఆలోచనల్నీ ప్రవర్తననీ మార్చే మాటల చికిత్స) ఇది తీసిపోలేదు.

ముందు పిల్ల భయపడుతోందని మనం చేసిపెట్టేవన్నీ రాసుకోవాలి. వాటిలో రోజూ ఎదురయ్యేది ఒక్కటే ఎంచుకోవాలి. మేం తాళం ప్రశ్న పట్టుకున్నాం. జవాబు ఒక్కసారే. మళ్లీ అడిగితే "నీకు భయంగా ఉందని తెలుసమ్మా, అయినా నువ్వు తట్టుకోగలవు" అంతే. మొదటి ముక్క వదిలేస్తే కసురుకున్నట్టుంటుంది, రెండోది వదిలేస్తే భయం నిజమేనని ఒప్పుకున్నట్టు. ఈ మార్పు గురించి పాపకు పగలే, కులాసాగా ఉన్నప్పుడు చెప్పాలి.

మొదట్లో ఏడుపు పెరుగుతుంది. అప్పుడు లొంగితే, ఇంకాస్త గట్టిగా ఏడిస్తే జవాబు వస్తుందని నేర్చుకుంటుంది. నానమ్మ చాటుగా "వేశాను తల్లీ" అన్నా పని చెడుతుంది, కాబట్టి ఆవిడకూ ముందే చెప్పాలి. పక్కన పడుకోవడం మాన్పించడం తర్వాతి వంతు: ముందు మంచం పక్కన కుర్చీలో మనం కూర్చోవడం, ఆపైన ఆ కుర్చీ గుమ్మం దగ్గరికి.