రేకుల ఇళ్లు ఉపగ్రహ మ్యాపులో చల్లగా కనిపిస్తున్నాయి, ఎందుకు?

ప్రశ్న: అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో బోరబండ వైపు ఒక బస్తీలో ఈ వేసవికి కొన్ని ఇళ్ల పైకప్పులకు తెల్ల కూల్ పెయింటు వేయించాలి. ముందు ఎవరికి వేయాలో తేల్చుకుందామని ల్యాండ్‌శాట్ అనే ఉపగ్రహం ఇచ్చే ఉష్ణోగ్రత మ్యాపు తీశాం. చూస్తే జింకు రేకుల గల్లీలే పక్కనున్న స్లాబు ఇళ్లకన్నా చల్లగా ఉన్నట్టు వచ్చింది. మధ్యాహ్నం ఆ రేకుల కింద మనిషి కూర్చోలేడు. కొన్నిచోట్ల మైనస్ 124 డిగ్రీలు కూడా ఉంది. ఎక్కడ తేడా కొట్టింది?

జవాబు: మైనస్ 124 అంటే అక్కడ డేటా లేదని. ల్యాండ్‌శాట్ ఇచ్చే ఉష్ణోగ్రత ఫైలు పేరు ఎస్టీ బీ10. అందులో ఖాళీ పిక్సెల్ (మ్యాపులోని ఒక్కో చిన్న గడి) విలువ సున్నా. పిక్సెల్ విలువను 0.00341802తో గుణించి 149 కలిపితే కెల్విన్, అందులోంచి 273.15 తీసేస్తే సెల్సియస్. 50000 ఉంటే 46.75 డిగ్రీలు, సున్నా ఉంటే మీరు చూసిన మైనస్ 124. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో సున్నాను నోడేటాగా, అంటే డేటా లేనట్టుగా పెట్టి, ఆ తర్వాతే ఈ లెక్కను గడి గడికీ కట్టే రాస్టర్ క్యాలిక్యులేటర్ నడపండి. మబ్బులను తీసేయడానికి, ఏ గడి మీద మబ్బుందో చెప్పే క్యూఏ పిక్సెల్ ఫైలులో 21824 ఉన్నవి మాత్రమే ఉంచుకోండి, అదే మబ్బు లేని నేల.

రేకుల సంగతి అసలైన చిక్కు. ఉపగ్రహం వేడిని నేరుగా కొలవదు, పైకప్పు వెదజల్లే పరారుణ కిరణాలను కొలుస్తుంది. మెరిసే జింకు రేకు ఎంత కాలినా వాటిని చాలా తక్కువగా వదులుతుంది. స్లాబు, సిమెంటు రేకు దాదాపు పూర్తిగా వదులుతాయి. లెక్క కట్టే పద్ధతికి అక్కడ జింకు రేకు ఉందని తెలియదు కనుక తక్కువ చూపిస్తుంది. తుప్పు పట్టిన రేకుల దగ్గర ఈ తేడా తగ్గుతుంది.

మరో జవాబు: ఇంకో మాట. ఫైలులో పిక్సెల్ 30 మీటర్లని ఉన్నా, ల్యాండ్‌శాట్ 8, 9ల థర్మల్ సెన్సరు అసలు చూపు 100 మీటర్ల చదరం. అంటే సుమారు రెండున్నర ఎకరాలు. 60 గజాల ఇళ్లయితే సందులు పోను వందకు పైగానే ఒక్క అంకెలో కలిసిపోతాయి. ఏ బస్తీ అన్నది ఈ మ్యాపుతో తేల్చండి, ఏ ఇల్లు అన్నది తేల్చకండి. దానికి కాళ్లకు పని చెప్పాల్సిందే.

బస్తీలను పోల్చడానికి హైదరాబాద్ వచ్చే పాత్ 144, రో 48 (చోటును చెప్పే ల్యాండ్‌శాట్ నంబర్లు) సీన్లలో, అంటే ఉపగ్రహ చిత్రాల్లో, మూడేళ్ల మార్చి–మే వి తీసుకుని మీడియన్ (వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చే విలువ) చేయండి. ఒక్క రోజు సీను నమ్మొద్దు, ముందురోజు వాన పడి ఉంటే మొత్తం తారుమారవుతుంది. అసలు డిగ్రీలకన్నా నగరం మీడియన్ కంటే ఎంత ఎక్కువన్నది చూడటం మేలు. ఉపగ్రహం వచ్చేది ఉదయం పదిన్నర ప్రాంతంలో, కాబట్టి రాత్రి ఉక్క సంగతి ఇందులో ఉండదు.

ప్రశ్న: అయితే ఇంటింటికీ ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో కొలిస్తే చాలా?

జవాబు: గన్ కూడా జింకు రేకు మీద అలాగే మోసపోతుంది. చవక గన్‌లు 0.95 ఉద్గారతకు (వస్తువు కిరణాలను ఎంత బాగా వదులుతుందో చెప్పే అంకె, పూర్తిగా వదిలితే 1) బిగించి వస్తాయి. రేకు మీద నల్ల ఎలక్ట్రికల్ టేపు నాలుగు పట్టీలు పక్కపక్కన అతికించి, పది నిమిషాలు ఆగి, గన్‌ను దగ్గరగా పెట్టి టేపు మీద కొలవండి. పక్కనే ఉత్త రేకు మీద కొలిస్తే తేడా మీకే తెలుస్తుంది. దానికంటే ముఖ్యం, ఇంటిలోపల నాలుగడుగుల ఎత్తులో, గోడకు తగలకుండా మామూలు థర్మామీటరు వేలాడదీసి మధ్యాహ్నం 2కి, రాత్రి 10కి రాసుకోండి. వరుస ఆ అంకెలతో కట్టండి. పసిపిల్లలు, మంచం పట్టిన పెద్దవాళ్లు ఉన్న ఇళ్లు అంకె కొంచెం తక్కువైనా ముందుకు రావాలి.

ప్రశ్న: పెయింటు వేశాక ఫలితం ఉపగ్రహంలో చూపించొచ్చా? డబ్బు ఇచ్చినవాళ్లు అడుగుతున్నారు.

జవాబు: వద్దు. జింకు రేకుకు తెల్ల పెయింటు పడగానే అది కిరణాలను బాగా వదలడం మొదలుపెడుతుంది. రేకు నిజంగా చల్లబడ్డా, మ్యాపులో వేడెక్కినట్టు కనిపించే ప్రమాదముంది. లోపలి థర్మామీటరు లెక్కలే చూపండి, పెయింటు వేయని పక్కింటివి కూడా అదే రోజుల్లో తీసి. సిమెంటు రేకులైతే పెయింటుకు ముందు పొడిగా వైరు బ్రష్‌తో రుద్దనివ్వకండి, అందులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిపి, మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు.