లెన్నో ఊరి బాల్బియానెల్లో విల్లాను పెళ్లిళ్లకు ఇవ్వొచ్చా?

సరస్సుగట్టు: ఇటలీలో కోమో సరస్సు ఒడ్డున ఉన్న లెన్నోలో 2018 నవంబరులో దీపిక, రణ్‌వీర్‌ల పెళ్లి జరిగింది. అప్పట్నుంచి మనవాళ్లకు బాల్బియానెల్లో అంటే దీపిక పెళ్లి విల్లా. క్యాథలిక్ మతపెద్ద కార్డినల్ దురీని 1787లో కట్టించిన చోటును ఫంక్షన్ హాలు చేయడం నాకు మింగుడు పడటం లేదు. మీరేమంటారు?

పాతరాయి: దురీని కంటే ముందే అక్కడ ఫ్రాన్సిస్కన్ సన్యాసుల మఠం ఉంది. ఆ చర్చి గంట గోపురాలు రెండూ ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. కథ 1787లో మొదలుపెడితే ఎలా?

సరస్సుగట్టు: నేనడిగింది అద్దె గురించండీ.

పాతరాయి: నేను చెప్పేదీ దాని గురించే. మఠాన్ని దురీని విల్లాగా మార్చుకున్నాడు. 1796లో ఆయన పోయాక బంధువు పోరో లాంబెర్టెంగికి దక్కింది. ఆస్ట్రియా పాలన మీద తిరగబడ్డవాళ్లలో ఈయనొకడు, చివరికి దేశం వదిలి పారిపోయాడు. 1919లో బట్లర్ ఏమ్స్ అనే అమెరికన్, 1974లో పర్వతారోహకుడు గ్విడో మోంజినో కొన్నారు. ఎవరి అవసరానికి వాళ్లు వాడుకున్నారు. ఇందులో ఏ రూపం పవిత్రం?

చిలకలగుట్ట: సినిమా షూటింగులూ జరిగాయిగా అక్కడ. వాటిని ఎవరూ ఏమీ అనలేదే.

లెక్కలమనిషి: మోంజినో 1988లో చనిపోతూ విల్లాను ఎఫ్ఏఐ అనే వారసత్వ పరిరక్షణ సంస్థకు రాసిచ్చాడు. ఆ చెట్లను, గోడల మీది తీగలను ఏటా చేత్తో కత్తిరించాలి. టికెట్లు, విరాళాలతోనే అంతా నడవాలంటే కష్టం. అద్దె వద్దనేవాళ్లు ఆ ఖర్చు ఎవరు పెట్టాలో చెప్పాలి.

సరస్సుగట్టు: ఖర్చు సంగతి నాకూ తెలుసు. వేరే సరస్సు ఊళ్లో ఒక పాత విల్లా చూపిద్దామని అమ్మానాన్నలను తీసుకెళ్లాను, పేరు చెప్పను. ఎవరిదో పెళ్లని గేటు దగ్గరే ఆపేశారు. నాన్న మోకాళ్ల నొప్పితోనే మెట్లన్నీ దిగి వెనక్కొచ్చారు.

పాతరాయి: అంటే ఇంతసేపూ మాట్లాడింది చరిత్ర కాదన్నమాట, మీ గేటు గొడవ!

సరస్సుగట్టు: మర్యాదగా మాట్లాడండి. అది మా నాన్నకు జరిగిన అవమానం. మోంజినో 1973లో ఎవరెస్టు మీదికి తొలి ఇటాలియన్ బృందాన్ని నడిపించాడు. ఆ తోటలోనే, ఒకప్పుడు మంచు నిల్వచేసిన పాత గదిలో ఆయన సమాధి ఉంది. జనం చూడటానికి కాకపోతే అలాంటి ఇంటిని ఎందుకిచ్చాడు? డబ్బున్నవాళ్ల కోసం ఒక్కరోజు తలుపు మూసినా తప్పే.

పాతరాయి: మీరు జనం అనేది టూరిస్టులను. నా బాధ ఊరి గురించి. 2014లో లెన్నోను ట్రెమెజ్జినాలో కలిపేశారు, దానికి సొంత మున్సిపాలిటీ కూడా లేదు. విల్లా ఎప్పుడు తెరవాలో, ఎవరికివ్వాలో ఆ ఊరివాళ్లు చెప్పాలి. బయటి సంస్థా కాదు, మనమూ కాదు.

లెక్కలమనిషి: పెళ్లిళ్లు జరిగితే పడవలవాళ్లకూ హోటళ్లకూ నాలుగు డబ్బులొస్తాయి. ఊరివాళ్లు సరేనంటే?

పాతరాయి: సరేనంటే జరగనివ్వండి. నాకు అభ్యంతరం లేదు.

సరస్సుగట్టు: నాకుంది. ఊరంతా ఒప్పుకున్నా, మా నాన్నలాంటి మనిషి గేటు బయటే నిలబడాల్సి వస్తే నేను ఒప్పుకోను.