అరవై దాటిన అమ్మని ఫ్రీమాంట్‌లో ఉచిత ఇంగ్లీష్ క్లాసులకి పంపొచ్చా?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. మా అమ్మకి 61. నాన్న పోయాక అక్కడ ఒక్కతే ఎందుకని గ్రీన్ కార్డు మీద ఇక్కడ కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌కి తెచ్చుకున్నాం, రెండేళ్లు దాటింది. ఊళ్లో ఏడో తరగతి దాకా చదివింది. తెలుగు పేపరు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చదివేస్తుంది కానీ ఇంగ్లీష్ అంటే అక్షరాలు కూడబలుక్కోవడమే. పొద్దున మేం ఆఫీసుకి, పిల్లలు స్కూలుకి పోయాక మూడింటి దాకా టీవీలో సీరియళ్లే దిక్కు. మొన్న ఎవరో తలుపు కొడితే తియ్యకుండా నాకు ఫోన్ చేసి "ఎవడో వచ్చాడురా, ఏదో అంటున్నాడు" అంది, తీరా చూస్తే నీళ్ల మీటరు మార్చడానికి వచ్చినవాడు. పెద్దవాళ్లకి చదువు చెప్పే అడల్ట్ స్కూల్లో డబ్బులు తీసుకోకుండా ఇంగ్లీష్ నేర్పుతారని ఆఫీసులో మెక్సికన్ ఫ్రెండ్ చెప్పాడు. నిజంగా ఫ్రీయేనా? గవర్నమెంటు సాయం తీసుకుంది అని లెక్కేసి రేపు సిటిజన్‌షిప్‌కి అడ్డం పెడతారేమోనని నాకు టెన్షన్. తెలుగు ముక్క రాని టీచర్ దగ్గర ఈవిడ ఏం నేర్చుకుంటుంది అన్నది ఇంకో డౌటు. పైగా 55 దాటినవాళ్లకి సిటిజన్‌షిప్ పరీక్షలో ఇంగ్లీష్ అక్కర్లేదని గుళ్లో ఒకాయన అన్నాడట, అయితే నాకీ అవస్థ దేనికిరా అంటోంది అమ్మ.

నెల్లూరు_పిన్ని:
బాబూ, నేను ఇక్కడే ఈస్ట్ బేలో ఒక సాయంత్రం క్లాసులో టీచర్‌కి సాయంగా వాలంటీరు పని చేస్తుంటాను. ఫ్రీయే. కాలిఫోర్నియాలో అడల్ట్ స్కూళ్లు ఇంగ్లీష్ క్లాసులకి, సిటిజన్‌షిప్ క్లాసులకి ఫీజు తీసుకోకూడదని చట్టమే ఉంది. కొన్నిచోట్ల పుస్తకం కొనుక్కోమంటారు, అంతే. ముందు ఒక ఫారం నింపిస్తారు, తర్వాత చిన్న పరీక్ష పెట్టి ఏ లెవెల్లో కూర్చోబెట్టాలో చూస్తారు, అందులో ఫెయిలవడం అంటూ ఉండదు, అమ్మకి ముందే చెప్పు, ఈ వయసులో పరీక్షేంటని బెంబేలెత్తిపోతారు. అన్నిటికంటే కింది లెవెల్ ఏ భాషలోనూ బడి మొహం చూడనివాళ్ల కోసం. మీ అమ్మగారు దానికంటే పైనే ఉంటారనుకుంటున్నా.

టీచర్‌కి తెలుగు రాకపోవడమే నయం. క్లాసులో ఒకరిది ఆఫ్ఘన్‌ల దరీ భాష, ఒకరిది స్పానిష్, ఒకరిది చైనీస్, ఎవరి భాషలోనని చెప్తారు? అన్నీ చేతిలో వస్తువు పెట్టుకుని, సైగ చేసి, చేయించి నేర్పడమే. మొన్నామధ్య మా టీచర్ ఆ నారింజ రంగు ఖాళీ మందుల డబ్బాలు తెచ్చి బల్లకొకటి పెట్టింది. పేరెక్కడుంది, రోజుకి ఎన్నిసార్లు వేసుకోవాలి, రీఫిల్ ఎన్ని మిగిలాయి అని వెతికించింది. తర్వాత ఇద్దరిద్దరిని నిలబెట్టి ఒకర్ని ఫార్మసీ, ఒకర్ని పేషెంటు చేసి ఫోన్ మాట్లాడించింది. పుట్టిన తేదీ చెప్పమంటే మనవాళ్లు అలవాటుగా రోజు ముందు చెప్పేస్తారు కదా, ఇక్కడ నెల ముందు, అదొక్కటే పది నిమిషాలు పట్టింది. మీ అమ్మకి కావలసింది ఇదే కదా.

ఫ్రీమాంట్‌లో ఆఫ్ఘన్‌లు ఎక్కువని నీకూ తెలుసుగా, మా క్లాసులోనూ 2021 ఆగస్టులో కాబూల్ పడిపోయాక వచ్చినవాళ్లు ఉన్నారు. శరణార్థులుగా వచ్చినవాళ్లకి మొదట్లో ఇల్లు చూడటం, పిల్లల్ని స్కూల్లో చేర్చడం లాంటివి పునరావాస సంస్థలు చూసుకుంటాయి కానీ ఆ సాయం కొన్ని నెలలే, ఆ తర్వాత ఉద్యోగం వెతుక్కోవాల్సిందే, అందుకే వాళ్లు పగలు పని చేసి రాత్రి క్లాసుకొస్తారు. వాళ్ల పక్కన కూర్చుంటే మన కొడుకిల్లు, కోడలి కారు ఎంత పెద్ద అండో తెలుస్తుంది. మా జిల్లాలో 90ల మొదట్లో అక్షరాస్యత రాత్రి బడుల్లో పలక పట్టిన ఆడవాళ్లే దూబగుంటలో సారాకి ఎదురు తిరిగారు. ఏడో తరగతి చదివిన అమ్మకి ఏం తక్కువని?

కూకట్‌పల్లి_కుర్రాడు:
అన్నా, ఇంత హడావుడి ఎందుకు, యూట్యూబ్‌లో తెలుగులో చెప్పే స్పోకెన్ ఇంగ్లీష్ వీడియోలు బోలెడున్నాయి, ఫోన్లో పెట్టిస్తే ఇంట్లోనే నేర్చుకుంటారు.

నెల్లూరు_పిన్ని:
వీడియోకి ఎదురు సమాధానం చెప్పక్కర్లేదు నాయనా, అదే దాంతో చిక్కు. సోఫాలో కూర్చుని తలూపితే సరిపోతుంది, నోరు పెగలదు. అమీర్‌పేటలో కోచింగ్‌కి వెళ్లినవాళ్లయినా పక్కవాడితో మాట్లాడితేనే కదా ఎంతో కొంత వచ్చింది.

ఫైళ్ల_రాజు:
రూల్స్ సంగతి నేను చెప్తా. క్లాసులో చేరితే సిటిజన్‌షిప్‌కి అడ్డమేం లేదు. పబ్లిక్ ఛార్జ్, అంటే ఈ మనిషి గవర్నమెంటు సాయం మీద ఆధారపడతాడా అన్నది, గ్రీన్ కార్డు ఇచ్చేముందు చూసేది, సిటిజన్‌షిప్ దరఖాస్తులో ఆ పరీక్ష ఉండదు.

గుళ్లో ఆయన సగమే చెప్పాడు. ఇంగ్లీష్ మినహాయింపు కావాలంటే వయసు 55 దాటి గ్రీన్ కార్డు మీద 15 ఏళ్లు ఉండాలి, లేదా 50 దాటి 20 ఏళ్లు. మీ అమ్మగారు అయిదేళ్లకి దరఖాస్తు పెడితే రెండూ వర్తించవు, కాబట్టి ఇంగ్లీష్‌లో ఒక వాక్యం చదవాలి, ఒకటి రాయాలి, ఆఫీసర్‌తో మాట్లాడాలి. సివిక్స్, అంటే అమెరికా చరిత్ర, ప్రభుత్వం మీద అడిగే ప్రశ్నలు, అవి కూడా ఇంగ్లీష్‌లోనే. 2025 అక్టోబర్ 20 నుంచి దరఖాస్తు పెట్టినవాళ్లకి కొత్త పరీక్ష, 128 ప్రశ్నల్లోంచి 20 దాకా అడుగుతారు, 12 కరెక్ట్ చెప్పాలి. రోజుకో రెండు ప్రశ్నలు నేర్చుకున్నా టైం బోలెడుంది.

ఇది చదివే మిగతావాళ్లకి ఒక మాట. హెచ్4 వాళ్లు, అంటే హెచ్1బీ ఉద్యోగుల భార్య లేదా భర్త, పిల్లలు, నిక్షేపంగా చేరొచ్చు. ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు మాత్రం గవర్నమెంటు డబ్బుతో నడిచే అడల్ట్ స్కూల్లో చేరకూడదు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల్ని కూడా కోర్సులో చేర్చకండి, లైబ్రరీలో వారం వారం కూర్చుని ఊరికే మాట్లాడుకునే ఇంగ్లీష్ క్లబ్బులుంటాయి, అక్కడికి తీసుకెళ్లండి.

ట్రైవ్యాలీ_అల్లుడు:
ఎవరూ అనట్లేదు కాబట్టి నేనే అంటా. మా అత్తగారు చేరి మానేశారు, ఇంగ్లీష్ కష్టమై కాదు. పొద్దున క్లాసు టైముకి టిఫిన్, లంచ్ బాక్సులు, మధ్యాహ్నం చంటిది, మూడింటికి పెద్దాడి పికప్, ఇంక ఆవిడ ఎప్పుడు వెళ్తారు? క్లాసున్న పూటల్లో ఇంటి పని ఎవరు చూస్తారో చేర్చకముందే మీ ఆవిడా నువ్వూ తేల్చుకోండి. రెండోది రాకపోకలు. ఆవిడకి డ్రైవింగ్ రాదనుకుంటా, ఏసీ ట్రాన్సిట్ వాళ్ల సిటీ బస్సు ఇంటి దగ్గర నుంచి పడుతుందేమో చూడు, మొదట్లో తోడెళ్లి దిగే స్టాపు చూపించు, ఆ తర్వాత వదిలెయ్. రోజూ నువ్వే దింపుతానంటే నీకు మీటింగ్ వచ్చిన రోజల్లా ఆవిడకి క్లాసు ఎగిరిపోతుంది.

గోదారిగట్టు:
పిన్నిగారూ, రాజుగారూ, అందరికీ థాంక్స్. అల్లుడుగారూ, మీరన్నది మా ఇంట్లో సంగతే, పికప్ అమ్మే చేస్తోంది. పిల్లల్ని ఆఫ్టర్‌స్కూల్లో పెడదామా అని మా ఆవిడతో మాట్లాడుతున్నా. అమ్మకి మందుల డబ్బాల సంగతి చదివి వినిపిస్తే "అయితే నా బీపీ మాత్రలు పట్టుకెళ్లనా" అంటోంది. ఫారం నింపడానికి గ్రీన్ కార్డు, అడ్రస్ ప్రూఫ్ తీసుకెళ్లాలా?

నెల్లూరు_పిన్ని:
స్కూల్ని బట్టి మారుతుంది బాబూ, వెళ్లేముందు ఒక ఫోన్ కొట్టు. మా దగ్గర ఇమ్మిగ్రేషన్ కాగితాలు అడగరు. ఇంకోటి, పాస్‌పోర్టులో ఇంటిపేరు ఏ గడిలో ఉందో ఫారంలోనూ ఆ గడిలోనే రాయి, లేకపోతే సెమిస్టరంతా ఆవిడని ఇంటిపేరుతోనే పిలుస్తారు, పలకడం కూడా పలకరు పాపం ఆవిడ.