అప్‌డేట్: 200 డాలర్లతో పోకర్, నాలుగు నెలల తర్వాత

న్యూజెర్సీలో ఉంటున్నాను, ఇక్కడ ఆన్‌లైన్ పోకర్ చట్టబద్ధమే. 200 డాలర్లతో ఒంటరిగా నేర్చుకోవాలా, కలిసి నేర్చుకునే జోడీ వెతుక్కోవాలా అని అడిగాను కదా. ఇద్దరు దొరికారు. ఆదివారం రాత్రి ఒక్కొక్కరం ఆడిన మూడు హ్యాండ్స్ (ఒక్కో పంపకంలోని ఆట) చర్చకు తెస్తాం, ఎవరు గెలిచారన్న ఫలితం మాత్రం దాచేస్తాం. అది తెలిస్తే అందరూ పండితులే!

నా రోగం మొదటి వారమే బయటపడింది. టర్న్‌లో (నాలుగో ఉమ్మడి కార్డు పడ్డాక) ఫ్లష్ డ్రా ఉంటే, అంటే ఒకే గుర్తువి ఐదు కావాల్సిన చోట నాలుగుంటే, సగం పాట్ (మధ్యలో పోగైన పందెం డబ్బు) బెట్‌కు కళ్లు మూసుకుని కాల్ చేసేవాణ్ణి, అంటే అంతే డబ్బు పెట్టేవాణ్ణి. ఆ కాల్ నష్టం కాకూడదంటే గెలిచే అవకాశం 25 శాతం కావాలి. కనబడని 46 కార్డుల్లో నాకు పనికొచ్చేవి 9, అంటే 20 శాతం కూడా లేదు. ఫ్లష్ కుదిరితే రివర్‌లో (చివరి కార్డు పడ్డాక) ఎదుటివాళ్ల నుంచి గట్టిగా రాబట్టగలననిపిస్తే తప్ప ఇప్పుడు ఫోల్డే, అంటే కార్డులు వదిలేయడమే.

2/5 సెంట్ల టేబుల్ (తప్పనిసరి పందేలు 2, 5 సెంట్లు) దాటలేదు. బై-ఇన్, అంటే టేబుల్‌కు తెచ్చుకునే డబ్బు, 5 డాలర్లు. ఖాతాలో 231 ఉంది. ఆటా, అదృష్టమా? ఇంకా తేలదు.