క్యాస్క్ రబ్బరు సీల్: కంప్రెషన్ సెట్ నమ్మాలా, లీక్ టెస్ట్ నమ్మాలా?

కొత్తబ్యాచ్:
అందరికీ నమస్తే. జర్మనీలో మెటీరియల్స్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. వాడేసిన అణు ఇంధనాన్ని తరలించే క్యాస్కుల (మందపాటి లోహపు పెట్టెల) మూత దగ్గర వేసే రబ్బరు ఓ-రింగుల మీద థీసిస్. రూల్ ప్రకారం మైనస్ 40 డిగ్రీల చలినీ తట్టుకోవాలి. ఫ్లోరో రబ్బరేమో మైనస్ 25కే రాయిలా బిగుసుకుంటోంది, కంప్రెషన్ సెట్ (నొక్కి వదిలాక తిరిగి లేవకుండా ఉండిపోయే వంతు) దాదాపు 100 శాతం వస్తోంది. అదే చలిలో లీక్ టెస్ట్ చేస్తే లీకే లేదు! పైగా మామూలు గది వేడిలో హీలియంతో చూస్తే రీడింగ్ మెల్లగా పైకి పోతోంది. వచ్చే వారం గైడ్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

బాలానగర్ రబ్బరు:
రెండూ నిజమే తమ్ముడూ. కంప్రెషన్ సెట్‌లో రింగును నొక్కి, వదిలి, ఎంత లేచిందో కొలుస్తాం. 10 మి.మీ. రింగును 7.5కి నొక్కావు, వదిలాక 8.5కే లేచింది అనుకో, సెట్ 60 శాతం. లీక్ టెస్టులో అసలు వదలడమే లేదు కదా. బిగించినప్పుడు మెత్తగా ఉన్న రబ్బరు ఉక్కు మీది సన్న గీతల్లోకి దూరి కూర్చుంది, అలాగే గడ్డకట్టింది. ఏదీ కదలనప్పుడు గ్యాస్ ఎటు పోతుంది? ఇంకా చల్లబరిస్తే మాత్రం రబ్బరు ఉక్కు కంటే ఎక్కువ కుంచించుకుని సందు ఇస్తుంది. బెర్లిన్‌లో బామ్ అనే మెటీరియల్స్ పరీక్షల సంస్థ చేసిన పరీక్షల్లో గ్లాస్ ట్రాన్సిషన్ (రబ్బరు గాజులా గట్టిపడే ఉష్ణోగ్రత) కంటే 10–15 డిగ్రీలు కిందికి పోయాకే లీకు మొదలైంది. వాళ్ల పేపర్లు చదువు, నువ్వున్న దేశమే.

అసలు భయం మూత కదిలినప్పుడు. క్యాస్కును 9 మీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీద పడేస్తారు, ఆ తర్వాత 800 డిగ్రీల మంటలో అరగంట. పడ్డప్పుడు బోల్టులు సాగి మూత వెంట్రుకవాసి లేచిందనుకో, మెత్తని రబ్బరు దాని వెంటే లేస్తుంది. గడ్డకట్టింది లేవదు. అందుకే చలిలోనే ఫ్లాంజిని (మూత బిగించే అంచుని) మి.మీ.లో పదో వంతు వదిలి, ఆ క్షణం నుంచి లీకు రాసుకో. ఈ పరీక్ష లేకపోతే నా దృష్టిలో నీ థీసిస్ సగమే.

హీలియం సంగతి: అది సందులోంచి రావట్లేదు, రబ్బరు గుండానే ఇంకి వస్తోంది. చల్లబరుస్తూ చూడు. ఇంకడం తగ్గుతూ పోతుంది. ఒక డిగ్రీ దగ్గర ఉన్నట్టుండి ఎగబాకిందా, అది అసలు లీకు. కుదిరితే ఒకదాని లోపల ఒకటిగా రెండు రింగులు వేసి, వాటి మధ్య ఖాళీని వాక్యూమ్ చేసి, వాల్వు మూసి, పీడనం ఎంత పెరుగుతోందో కూడా చూడు.

ల్యాబ్_లక్ష్మి:
సిలికోన్ వేస్తే చలి గొడవే ఉండదుగా?

బాలానగర్ రబ్బరు:
చలికి బంగారమే మేడం. కానీ గ్యాస్ దానిలోంచి జల్లెడలో నీళ్లలా పోతుంది. చలికి ఈపీడీఎం అనే మరో రకం రబ్బరు మేలు, రేడియేషన్‌నీ బాగా ఓర్చుకుంటుంది. వేడికి ఫ్లోరో రబ్బరు. రెండూ కావాలంటే ఎక్కడో ఒకచోట రాజీపడాలి. ఏళ్ల తరబడి నిల్వ ఉంచే క్యాస్కులకు జర్మనీలో ఎలాగూ లోహపు సీళ్లే ప్రధానం.

కొత్తబ్యాచ్:
థాంక్యూ అన్నా! ఫ్లాంజిని చలిలో వదలడానికి జిగ్ (పట్టి ఉంచే బిగింపు సాధనం) చేయించాలి. ఇంకొక్కటి, బిగించే ముందు రింగుకు గ్రీజు పూయొచ్చా?

బాలానగర్ రబ్బరు:
పూస్తే అన్ని రింగులకూ పూయి, లేదా దేనికీ వద్దు. గ్రీజే చిన్న సందులు మూసేసి నీకు మంచి రిజల్ట్ చూపించేస్తుంది. ఈపీడీఎంకి పెట్రోలియం గ్రీజు తగలనివ్వకు, ఉబ్బిపోతుంది.