పాత బొలెరో పికప్‌కు తుక్కు బండి ఏసీ బిగించడం: ఏవి పాతవి వాడవచ్చు, ఏవి కొత్తవి కొనాలి?

ప్రశ్న (మాచర్ల నుంచి ఒక సభ్యుడు)

మిత్రులందరికీ నమస్కారం. నా దగ్గర 2009 నాటి బొలెరో పికప్ ఉంది. 2.5 లీటర్ల డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) డీజిల్ ఇంజిన్, ఏసీ లేకుండా వచ్చిన బండి. ఫిబ్రవరి నుంచి మే వరకు పల్నాడు ఊళ్ల నుంచి గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు (బస్తాలు) తోలుతుంటాను. ఈ ప్రాంతపు ఎండ సంగతి రెంటచింతల పేరు విన్నవారికి చెప్పనక్కరలేదు గాని, ఎండ కంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టేది మిర్చి ఘాటు. అద్దాలు దించితే వెనుక నుంచి సుడి తిరిగి వచ్చే ధూళికి కళ్లు మండుతాయి, ఎత్తితే లోపల ఉడికిపోతాము.

విజయవాడ ఆటోనగర్‌లో, ప్రమాదంలో వెనుక భాగం నుజ్జయిన ఒక బొలెరోను విప్పుతున్నారు. అది కూడా డీఐ ఇంజిన్ బండే. దాని ఏసీ సామానంతా కలిపి ఒక ధరకు ఇస్తామంటున్నారు. అది నా బండికి సరిపోతుందా, అందులో ఏ భాగాలను నమ్మవచ్చు, బరువుతో వెళ్లేటప్పుడు ఇంజిన్ ఈ అదనపు భారాన్ని తట్టుకుంటుందా అన్నవి నా సందేహాలు. మరొక మాట, ట్రక్కులకు ఏసీ తప్పనిసరి చేశారని విన్నాను. అది మా పికప్‌లకు కూడా వర్తిస్తుందా?

జవాబు (గుంటూరు, ఏసీ పని చేసే సభ్యుడు)

సోదరా, చివరి ప్రశ్నకు ముందు సమాధానం చెబుతాను. ఆ నిబంధన 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే, మొత్తం బరువు మూడున్నర టన్నులు దాటే ట్రక్కుల క్యాబిన్లకు సంబంధించినది. మీ బండి ఆ లెక్కలోకి రాదు.

ఇక సామాను సంగతి. ఒకే ఇంజిన్, ఒకే రకం ముందు భాగం ఉన్న బండి దొరకడం మీ అదృష్టం. ఏసీ బిగింపులో డబ్బు, సమయం ఎక్కువగా తినేది కంప్రెసర్ కాదు, దాన్ని ఇంజిన్‌కు పట్టి ఉంచే బ్రాకెట్. వేరే బండి కంప్రెసర్ తెచ్చి, లేత్ పనివాడి దగ్గర ఇనుప పట్టీలతో బ్రాకెట్ చేయించినవి నేను చాలా చూశాను. పుల్లీల గాడులు ఒకే వరుసలో లేకపోతే బెల్టు కీచుమంటుంది, అంచులు నలిగి తెగిపోతుంది, డీజిల్ ఇంజిన్ అదురుకు వెల్డింగ్ దగ్గరే బ్రాకెట్ విరుగుతుంది. కాబట్టి ఆ బండి నుంచి బ్రాకెట్, దాని బోల్టులు, ఐడ్లర్ పుల్లీ, బెల్టు బిగించే స్క్రూ వరకు ఒక్కటి కూడా వదలకండి. మీ క్రాంక్ పుల్లీకి ఏసీ బెల్టు కోసం అదనపు గాడి ఉన్నదో లేదో వెళ్లే ముందే చూసుకోండి. లేకపోతే క్రాంక్ పుల్లీని కూడా వాళ్ల దగ్గరే అడగండి.

వీలైతే సామాను విప్పేటప్పుడు మీరే దగ్గర ఉండండి. పైపులను కట్టర్‌తో కోసి పడేయడం వాళ్లకు సులువు, మీకు నష్టం. కూలింగ్ కాయిల్ (క్యాబిన్ గాలిని చల్లబరిచేది) పెట్టెను బ్లోవర్‌తో, స్పీడు స్విచ్చితో, డాష్‌బోర్డు లోపలి గాలి గొట్టాలతో, నీరు కారే రబ్బరు గొట్టంతో సహా తీసుకోవాలి. వైరింగ్‌ను రిలేలు, ప్రెషర్ స్విచ్చి, థర్మోస్టాట్ సహా కనెక్టర్ల దగ్గర విప్పించండి. విప్పే ముందు ప్రతి కనెక్టరుకూ ఫోనులో ఫోటో తీసుకుంటే తరువాత ఎలక్ట్రీషియన్ మిమ్మల్ని దీవిస్తాడు. సామాను చేతికి రాగానే ప్రతి పైపు నోటికీ ప్లాస్టిక్ మూత గాని, గట్టిగా చుట్టిన టేపు గాని వేయించండి. బిల్లు తీసుకోవడం మరచిపోవద్దు.

కంప్రెసర్ మంచిదో కాదో అక్కడే కొంతవరకు తెలుసుకోవచ్చు. ముందున్న క్లచ్ ప్లేటును చేత్తో తిప్పితే పట్టకుండా, గరగరలాడకుండా, లోపల గాలి నొక్కుతున్నట్టు తెలుస్తూ తిరగాలి. మ్యాగ్నెట్ కాయిల్‌కు మీటరు పెడితే 3 నుంచి 4 ఓమ్‌ల దగ్గర చూపాలి. 12 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే టక్కుమని పట్టాలి. ఆ తరువాత అందులోని నూనెను ఒక తెల్లని గిన్నెలోకి వంచండి. నూనె తేటగా గాని, లేత పసుపుగా గాని ఉంటే సంతోషం. నల్లగా ఉన్నా, వెండిపొడి కలిపినట్టు తళతళలాడినా ఆ కంప్రెసర్‌ను అక్కడే వదిలేయండి. దాని వెంట ఉన్న కండెన్సర్‌ను (రేడియేటరు ముందు ఉండి గ్యాసు వేడిని బయటికి వదిలేది) కూడా వదిలేయండి. ఇప్పటి కండెన్సర్లలో గొట్టాల దారులు వెంట్రుకంత సన్నగా ఉంటాయి, అందులో చేరిన లోహపు పొడిని ఏ ద్రవంతో కడిగినా పూర్తిగా బయటికి తీయలేము.

కొత్తవి కొనవలసినవి ఇవి: డ్రయర్ బాటిల్, ఎక్స్‌పాన్షన్ వాల్వు (గ్యాసును సన్నని రంధ్రం గుండా కూలింగ్ కాయిల్‌లోకి వదిలేది), జాయింట్లలో వేసే రబ్బరు ఓ-రింగులన్నీ. డ్రయర్ లోపలి గుళికలు తేమను పీల్చుకోవడానికే ఉన్నాయి. నోరు తెరిచి తుక్కుషెడ్డులో కొన్ని రోజులు పడి ఉన్న డ్రయర్ అప్పటికే గాలిలోని తేమతో నిండిపోయి ఉంటుంది, అది పైకి ఎంత మెరుస్తున్నా పనికిరాదు. తేమ లోపల ఉండిపోతే ఎక్స్‌పాన్షన్ వాల్వు సన్నని రంధ్రం దగ్గర మంచుగా గడ్డకడుతుంది. నూనెతోనూ గ్యాసుతోనూ కలిసి ఆమ్లంగా మారి అల్యూమినియాన్ని తినేస్తుంది. ఓ-రింగులు ఆర్-134ఏ గ్యాసుకు (బండ్ల ఏసీలో వాడేది) పనికొచ్చేవి, మామూలుగా ఆకుపచ్చ రంగులో దొరికేవి, తీసుకుని కంప్రెసర్ నూనె రాసి బిగించండి. రబ్బరు పైపుల మీద పగుళ్లు గాని, జాయింట్ల దగ్గర జిడ్డు మరక గాని కనిపిస్తే, పాత ఫిట్టింగులకే కొత్త గొట్టం ప్రెస్ చేయించడం మేలు. జిడ్డు కనిపించిన చోట గ్యాసు పోయిందని అర్థం.

ప్రశ్న అడిగిన సభ్యుడు

అన్నగారూ, ధన్యవాదాలు. మీరు చెప్పినట్టు దగ్గరుండి విప్పించి తెచ్చాను. కంప్రెసర్ నూనె లేత పసుపుగానే ఉంది. ఇక్కడి మెకానిక్ కాయిల్‌నూ కండెన్సర్‌నూ పెట్రోలుతో కడిగి, వెల్డింగ్ షాపు సిలిండర్‌తో గాలి పట్టించి లీకేజీ చూస్తానంటున్నాడు. గ్యాసు విషయంలో కూడా, తక్కువ ధరకు వచ్చే వేరే గ్యాసు ఉంది, అది ఇంకా చల్లగా ఉంటుందంటున్నాడు.

జవాబు (గుంటూరు)

వీటన్నింటినీ గట్టిగా వద్దనండి. వెల్డింగ్ షాపులో ఉండేది ఆక్సిజన్. నూనె ఉన్న గొట్టంలోకి ఒత్తిడితో ఆక్సిజన్ ఎక్కిస్తే పేలుడు జరుగుతుంది, మనుషులు పోతారు. పరీక్షకు వాడవలసినది రెగ్యులేటరు ఉన్న పొడి నైట్రోజన్ మాత్రమే. కూలింగ్ కాయిల్‌ను డాష్‌బోర్డులో పెట్టక ముందే విడిగా 150 పీఎస్‌ఐ వరకు నైట్రోజన్ పట్టించి నీటి తొట్టిలో ముంచి చూడండి. లోపల బిగించిన తరువాత లీకు బయటపడితే డాష్‌బోర్డంతా మళ్లీ విప్పాలి. కడగడానికి పెట్రోలు, కిరోసిన్ వద్దు, అవి లోపల మిగిలిపోయి నూనెను పాడు చేస్తాయి. ఏసీ ఫ్లషింగ్ ద్రవమని విడిగా అమ్ముతారు. దానితో కడిగి నైట్రోజన్‌తో ఊదించండి. కంప్రెసర్‌ను మాత్రం ఎప్పుడూ ఆ ద్రవంతో కడగకూడదు.

తక్కువ ధర గ్యాసు విషయానికి వస్తే, అది చాలాసార్లు వంటగ్యాసు జాతికి చెందినది. చల్లగా ఉండడం నిజమే గాని, కాయిల్ ఉన్నది మీ మోకాళ్ల ముందు, అక్కడ లీకైతే చిన్న నిప్పురవ్వ చాలు. సిలిండరు మీద ఆర్-134ఏ అని రాసి ఉన్నంత మాత్రాన కూడా నమ్మనక్కరలేదు. 2011లో ఓడల మీద వెళ్లే శీతల కంటైనర్ల కంప్రెసర్లు కొన్ని పేలి పనివాళ్లు చనిపోయారు. అందుకు కారణం ఆర్-134ఏ పేరుతో అమ్మిన గ్యాసులో కలిసిన మిథైల్ క్లోరైడ్ అల్యూమినియంతో చర్య జరపడమేనని తేలింది. సీలున్న చిన్న డబ్బాలు తెలిసిన దుకాణంలో మీరే కొని తీసుకువెళ్లండి.

గ్యాసు ఎక్కించే ముందు వ్యాక్యూమ్ తీయడమే (లోపలి గాలినీ తేమనూ పంపుతో లాగేయడమే) ఈ మొత్తం పనిలో ప్రాణం. మన దగ్గర చాలామంది పాత ఫ్రిజ్ కంప్రెసర్‌నే వ్యాక్యూమ్ పంపుగా వాడతారు. మామూలు రిపేరులో ఎలాగో నెట్టుకొస్తారేమో గాని, ఇన్ని రోజులు నోరు తెరుచుకుని ఉన్న సామానుకు అది సరిపోదు. రెండు దశల పంపు ఉన్న షాపుకే వెళ్లి కనీసం గంటసేపు నడిపించమనండి. గేజీ 29 అంగుళాల (పాదరసం కొలతలో) వ్యాక్యూమ్ దగ్గరికి వచ్చి, వాల్వు మూసి పంపు ఆపిన తరువాత ఇరవై నిమిషాలు అక్కడే నిలబడాలి. ముల్లు నెమ్మదిగా వెనక్కి వస్తుంటే లీకైనా ఉంది, తేమైనా ఉంది. గ్యాసు తూకం వేసి ఎక్కించాలి. ఎన్ని గ్రాములో తుక్కు బండి బానెట్ కింద స్టిక్కరు మీద ఉంటుంది. నూనె ఏ రకమో, ఎంతో కంప్రెసర్ మీది ప్లేటు చెబుతుంది.

జవాబు (నరసరావుపేట, ఆటో ఎలక్ట్రీషియన్)

కరెంటు గురించి నాలుగు మాటలు. మ్యాగ్నెట్ క్లచ్ తీసుకునేది 4 ఆంపియర్ల లోపే, కానీ బ్లోవరూ కండెన్సర్ ఫ్యానూ కలిస్తే 25 ఆంపియర్ల దాకా పోతుంది. ఈ భారాన్ని ఇగ్నిషన్ స్విచ్చి మీద వేస్తే కొద్ది నెలల్లో స్విచ్చి కాలుతుంది. బ్యాటరీ నుంచి నేరుగా వైరు తెచ్చి, బ్యాటరీకి దగ్గరలోనే ఫ్యూజు పెట్టి, మూడింటికీ మూడు రిలేలు వాడండి. క్లచ్ కాయిల్‌కు అడ్డంగా ఒక డయోడ్ ఉండాలి. ఏసీ లేకుండా వచ్చిన బండికి చిన్న ఆల్టర్నేటర్ ఉండే అవకాశం ఉంది కాబట్టి రెండు బండ్ల ఆల్టర్నేటర్ల ప్లేట్ల మీది ఆంపియర్లు పోల్చి, పెద్దదాన్ని వేసుకోండి. ప్రెషర్ స్విచ్చిని కలిపేసి డైరెక్టు ఇవ్వడం కొందరికి అలవాటు. గ్యాసు అంతా పోయినప్పుడు కంప్రెసర్ ఎండిపోయి పట్టేయకుండానూ, ఒత్తిడి మితిమీరినప్పుడు పైపు పగలకుండానూ కాపాడేది ఆ స్విచ్చే.

ఏసీ వేయగానే ఐడిల్ (బండి ఆగి ఉన్నప్పటి ఇంజిన్ వేగం) పడిపోతుంది కాబట్టి ఐడిల్ పెంచే వ్యాక్యూమ్ డబ్బా కూడా తెచ్చి ఉంటారు. దానికి వ్యాక్యూమ్‌ను బ్రేకు బూస్టరు గొట్టం నుంచి ఇష్టం వచ్చినట్టు కోసి తీసుకోవద్దు. తుక్కు బండిలో ఏ చోట, ఏ వన్-వే వాల్వు తరువాత కలిపి ఉన్నదో మీ బండిలోనూ అక్కడే కలపండి. ఆ చిన్న గొట్టం ఊడితే బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడుతుంది. టిక్కీల బరువుతో ఉన్నప్పుడు అది ఎంత ప్రమాదమో మీకు తెలుసు.

ఇంజిన్ తట్టుకుంటుందా అని అడిగారు. తట్టుకుంటుంది, అయితే కంప్రెసర్ మూడు నుంచి ఐదు హార్స్‌పవర్ లాక్కుంటుంది కాబట్టి బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు కాసేపు ఏసీ ఆపుకోండి. కండెన్సర్ నుంచి వచ్చే వేడి గాలే రేడియేటరుకు అందుతుంది కాబట్టి పాత రేడియేటరును ముందుగా రాడ్డింగ్ (లోపలి గొట్టాల్లో సన్నని కడ్డీ ఆడించి శుభ్రం చేయడం) చేయించుకోవాలి.

ప్రశ్న అడిగిన సభ్యుడు

అందరికీ కృతజ్ఞతలు. బిగింపు పూర్తయింది, వ్యాక్యూమ్ కదలకుండా నిలిచింది, గ్యాసు తూకం ప్రకారమే వేశారు. రోడ్డు మీద చల్లగా ఉంటుంది. యార్డు గేటు దగ్గర వరుసలో ఆగితే మాత్రం వేడి గాలి వస్తుంది, ఇంజిన్ టెంపరేచర్ ముల్లు కూడా పైకి వెళుతుంది. ఆగి ఉన్నప్పుడు బయట 40 డిగ్రీలు ఉండగా లో సైడ్ (కంప్రెసర్‌లోకి వచ్చే గ్యాసు ఒత్తిడి) 55, హై సైడ్ (కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కు వెళ్లే గ్యాసు ఒత్తిడి) 330 పీఎస్‌ఐ చూపింది. గ్యాసు ఎక్కువైందని కొంత తీయమంటున్నారు.

జవాబు (గుంటూరు)

తొందరపడి తీయవద్దు. తెల్లవారుజామున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు గేజీ పెట్టండి. 30 డిగ్రీల వద్ద స్వచ్ఛమైన ఆర్-134ఏ రెండు వైపులా 97 పీఎస్‌ఐకి అటూ ఇటూగా చూపుతుంది. అంతకంటే బాగా ఎక్కువ ఉంటే లోపల గాలి గాని, వేరే గ్యాసు గాని కలిసిందన్నమాట. అది సరిగానే ఉంటే, ఆగి ఉన్న బండి కండెన్సర్ మీద ఒక చెంబెడు నీళ్లు చల్లండి. హై సైడ్ ఒక్కసారిగా దిగి చల్లదనం వస్తే లోపం గాలి ప్రవాహంలో ఉంది. ముందు గ్రిల్ దగ్గర, ఫ్యాను ఎదురుగా ఒక కాగితం పట్టుకోండి, ఫ్యాను దాన్ని తనవైపు లాక్కోవాలి.

ప్రశ్న అడిగిన సభ్యుడు

ఉదయం రెండు వైపులా 95 చూపింది. నీళ్లు చల్లితే 330 నుంచి 240కి దిగింది. కాగితం మాత్రం బయటికి ఎగిరింది! ఫ్యాను వైర్లు రెండూ తారుమారు చేశాక వరుసలో ఆగినా హై సైడ్ 260 దాటలేదు, గాలి 13 డిగ్రీలు వస్తోంది. ఇప్పుడు ఎడమవైపు కాళ్ల దగ్గర తివాచీ తడుస్తోంది.

జవాబు (గుంటూరు)

అది గాలిలోని తేమ కాయిల్ మీద చేరి కారుతున్న నీరు, భయం లేదు. పెట్టె అడుగున ఉన్న రబ్బరు గొట్టం ఫైర్‌వాల్ దాటి బయటికి వచ్చిందో లేదో, మడత పడిందేమో చూడండి. గొట్టం కాయిల్ పెట్టె వైపు నుంచి కిందికి వాలుగా ఉండాలి. బయటి గాలి తలుపును మూసి, లోపలి గాలే తిరిగేలా పెట్టుకోండి, మిర్చి ధూళి కాయిల్‌కు పట్టదు. సీజనులో వారానికొకసారి కండెన్సర్‌ను ఇంజిన్ వైపు నుంచి ముందుకు, తక్కువ ఒత్తిడి నీటితో కడగండి. సర్వీసింగ్ షాపు గన్ను దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి.