‘ఇంధన స్వాతంత్ర్యం’ అనవచ్చా?

పలాస నుంచి:
మా బడి గోడపత్రికకు సోలార్ కరెంటు మీద వ్యాసం రాస్తున్నాను. ‘ఎనర్జీ ఇండిపెండెన్స్’కు ఏ తెలుగు మాట వాడాలి? పేపర్లలో ఇంధన స్వాతంత్ర్యం, స్వావలంబన, స్వయంసమృద్ధి మూడూ కనిపిస్తున్నాయి. మనం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే కాబట్టి పిల్లలకు ఈ సంగతి సరైన మాటతో చెప్పాలని నా తపన.

టెక్కలి నుంచి:
మాస్టారూ, నాకు ‘ఇంధనం’ దగ్గరే అభ్యంతరం. మండించడం అనే అర్థమున్న ‘ఇంధ్’ ధాతువు నుంచి వచ్చిన మాట అది. వంటచెరకు, బొగ్గు, పెట్రోలు ఇంధనాలు. ఎండనూ గాలినీ మండించం కదా, ‘శక్తి’ అనండి. స్వయంసమృద్ధి కూడా వద్దు. బొగ్గు మనకు సమృద్ధిగానే ఉంది, అయినా కొంత బయటినుంచి తెచ్చుకుంటున్నాం.

పొందూరు నుంచి:
స్వాతంత్ర్యం మంచి మాటే, కానీ బరువైనది. ‘తంత్రం’కు సంస్కృత నిఘంటువుల్లో మగ్గం, పడుగు అనే అర్థాలూ ఉన్నాయి. మా ఊళ్లో కొండపత్తిని వాలుగ చేప దవడతో ఏకి, చరఖా మీద వడికి, ఇక్కడి మగ్గం మీదే నేస్తారు. వ్యుత్పత్తి అదేనని వాదించను గానీ, ‘స్వతంత్రం’ అంటే నాకు ఆ మగ్గమే గుర్తొస్తుంది. ఎండ మనదే. దాన్ని కరెంటుగా మార్చే సోలార్ సెల్స్ మాత్రం ఇంకా ఎక్కువగా చైనా నుంచి వస్తున్నాయి. పత్తి మనది, మగ్గం వేరేవాళ్లది. చమురు రోజూ కొనాలి, ప్యానెల్ ఒకసారి కొంటే పాతికేళ్లు వస్తుంది, ఆ తేడా పెద్దదే. అందుకని ఇప్పటికి ‘స్వావలంబన’ చాలు. అవలంబనం అంటే ఊతం. సెల్స్ కూడా ఇక్కడే తయారయ్యాక స్వాతంత్ర్యం అందాం.

పలాస నుంచి:
మీరన్నది మా ఇంట్లోనే అనుభవమైంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు స్తంభాలు కూలి రోజుల తరబడి చీకట్లో ఉన్నాం. తర్వాత డాబా మీద ప్యానెళ్లు పెట్టించుకుని, ఇక ఆ బెంగ లేదనుకున్నాను. మొన్న గాలివాన వెలిసి ఎండ కాసినా ఫ్యాను తిరగలేదు. గ్రిడ్‌కు, అంటే ఊరి కరెంటు లైన్లకు, కలిపిన మామూలు సోలార్ ఇన్వర్టరు (ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే పెట్టె) లైన్లో కరెంటు లేకపోతే తనూ ఆగిపోతుంది. అలా ఆగకపోతే స్తంభమెక్కిన లైన్‌మన్‌కు షాక్ కొడుతుంది, కాబట్టి ఆ ఏర్పాటు న్యాయమే. బ్యాటరీ, దానికి తగ్గ ఇన్వర్టరు ఉంటే తప్ప ఆ వేళ మన కరెంటు మనకు అందదు.

శీర్షిక ‘శక్తి స్వావలంబన’ అనే పెడతాను. మగ్గం సంగతి కూడా రాస్తాను. పడుగుకు మీ నేతగాళ్లు వేరే మాట వాడితే చెప్పండి, అదీ చేరుస్తాను.